దాచుకోవడం సర్కారుకైతే భద్రత, మనకైతే అనుమానమా?

సంపాదకుడు గారికి,

మొన్న మీ పేపర్లో ఫోన్ భద్రత మీద ఒక వ్యాసం వచ్చింది. పాస్‌వర్డ్ బలంగా పెట్టుకోండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి, తెలియని లింకు నొక్కకండి, ఇవన్నీ బాగానే ఉన్నాయి, నేనూ రోజూ చెప్పేది ఇదే. కానీ చివరికొచ్చేసరికి ప్రభుత్వ నిఘా సంగతి ఎత్తి, తప్పు చేయనివాడికి దాంతో పనిలేదన్న ధోరణిలో తేల్చేశారు. అక్కడే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఈ ఉత్తరం కొంచెం పెద్దదే అవుతుంది, కత్తిరించుకుంటే కత్తిరించుకోండి గానీ ఆ ముక్కకి జవాబు మాత్రం వెయ్యండి.

నేను గాజువాకలో ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే షాపు నడుపుకుంటున్నాను. స్టీల్ ప్లాంటు వాళ్లు, డాక్‌యార్డు వాళ్లు, షిప్‌యార్డు వాళ్లు, ఫార్మా కంపెనీల కుర్రాళ్లు, అందరూ వస్తారు. "నా ఫోను ఎవరో వింటున్నట్టున్నారు, కాస్త చూడు బాబూ" అని వచ్చేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అందులో చాలామందికి ఉన్నది నిఘా కాదు, ముసలైపోయిన బ్యాటరీ. ఫోను వేడెక్కితే చాలు, దొంగచాటుగా ఫోన్లలో దూరే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ వచ్చిందనేస్తున్నారు. నవ్వొస్తుంది గానీ నవ్వను, ఆ భయం ఊరికే పుట్టింది కాదు కాబట్టి.

తప్పు చేయనివాడికి దాపరికం ఎందుకు అనే మాట ఇంకే ఊళ్లోనైనా చెల్లుతుందేమో, విశాఖలో మాత్రం చెల్లదు. ఇది తూర్పు నౌకాదళానికి కేంద్రం. 2019 డిసెంబరులో ఏం జరిగిందో ఇక్కడివాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో పరిచయాలు పెంచుకుని, ఓడలు, సబ్‌మెరైన్ల సమాచారం పాకిస్తాన్‌కి లాగేస్తున్నారని ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు కేసు పెట్టి ఏడుగురు నేవీ ఉద్యోగులను అరెస్టు చేశారు. ఆ ఆపరేషన్‌కి పెట్టిన పేరు కూడా మన కొండదే, డాల్ఫిన్స్ నోస్. కేసు ఎన్‌ఐఏకి వెళ్లింది. అదే నెలలో నేవీ తన స్థావరాల్లో, ఓడల మీద స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ వాడకూడదని నిషేధం పెట్టింది. అప్పుడు ఎవరైనా ఆ నావికుల్ని "తప్పు చేయకపోతే ఫోను ఉంటే ఏంటి" అన్నారా? అనలేదు. ఎందుకంటే ఫోను అంటే ఏంటో సర్కారుకి బాగా తెలుసు. జేబులో మైకు, కెమెరా, మనిషి ఎక్కడున్నాడో చెప్పే యంత్రం, మూడూ కలిపి పెట్టుకు తిరుగుతున్నాడని తెలుసు.

2023లో రక్షణ శాఖ ఇంకో అడుగు వేసింది. ఇంటర్నెట్‌కి తగిలించి ఉన్న తన కంప్యూటర్లలో విండోస్ తీసేసి, ఉబుంటు లినక్స్ మీద ఇక్కడే తయారుచేసుకున్న మాయా అనే ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్ని నడిపే మూల సాఫ్ట్‌వేర్) పెట్టుకోవాలని నిర్ణయించింది. చాలా మంచి పని. తన గుట్టు కోసం సిస్టమే మార్చుకునే ప్రభుత్వం, అదే జాగ్రత్త నేను పడితే ఎందుకు అనుమానంగా చూడాలి? నా గొడవంతా ఇదే. దాచుకోవడం వాళ్లకి భద్రత, నాకు నేరం ఎలా అవుతుంది?

మన ఒక్క దేశం సంగతే కాదులెండి. 2025లో స్పెయిన్‌లోని కాటలోనియా పోలీసులు, గూగుల్ పిక్సెల్ ఫోను చేతిలో కనిపిస్తే వీడు మత్తుమందుల వ్యాపారేమో అనుకుంటున్నామని చెప్పినట్టు వార్తలొచ్చాయి. ఆ ఫోన్లలో గ్రఫీన్‌ఓఎస్ అనే గట్టి సిస్టమ్ వేసుకునే వీలుంది కాబట్టి అట. దాని సంగతి కింద రాస్తాను.

ముందు పెగాసస్. పేరు అందరూ విన్నారు, అది ఎలా దూరుతుందో మాత్రం పేపర్లు సరిగ్గా రాయలేదు, అందుకే జనం "నేను లింకులు నొక్కను కదా" అని ధీమాగా ఉంటున్నారు. ఎన్‌ఎస్‌ఓ గ్రూప్ అనే ఇజ్రాయెల్ కంపెనీ సరుకు అది. 2016లో మొదటిసారి బయటపడినప్పుడు నిజంగానే మెసేజ్‌లో లింకు పంపేవారు, నొక్కితేనే పని జరిగేది. ఆ తర్వాత నొక్కడం కూడా అక్కర్లేకుండా పోయింది. 2019లో వాట్సాప్ కాల్ వచ్చి, మనం ఎత్తకపోయినా సరే, ఫోనులోకి దిగిపోయేది. సుమారు 1,400 మంది మీద ఇలా ప్రయోగించారని వాట్సాప్ అమెరికాలో దావా వేసింది. అందులో మన దేశపు లాయర్లు, జర్నలిస్టులు, హక్కుల కార్యకర్తలు ఉన్నారు. 2025 మేలో అక్కడి జ్యూరీ ఎన్‌ఎస్‌ఓ మీద 16 కోట్ల 70 లక్షల డాలర్ల పైచిలుకు జరిమానా వేసింది, తర్వాత జడ్జి దాన్ని 40 లక్షల డాలర్లకు తగ్గించి, వాట్సాప్ జోలికి మళ్లీ వెళ్లకూడదని ఆంక్ష పెట్టారు.

2021లో దొరికిన ఇంకో పద్ధతి చూస్తే, ఈ రంగంలో పనిచేసేవాణ్ణయినా నాకు ఒళ్లు జలదరించింది. ఐఫోనుకి ఒక ఫైలు వస్తుంది. పేరు చివర గిఫ్ అని ఉంటుంది, అంటే కదిలే బొమ్మ. బొమ్మ కదులుతూ ఉండాలి కాబట్టి మనం చూడకముందే ఫోను దాన్ని తనంతట తాను తెరుస్తుంది. లోపల ఉన్నది గిఫ్ కాదు, పీడీఎఫ్. ఆ పీడీఎఫ్‌లో, ఎప్పుడో ఫ్యాక్సులు, స్కానర్ల కాలంలో కాగితాల బొమ్మల్ని చిన్న సైజులో కుక్కడానికి కనిపెట్టిన ఒక పద్ధతి వాడారు, దాన్ని చదివే కోడ్‌లో ఒక లెక్క తప్పు ఉంది. ఆ ఒక్క తప్పు ఆసరాగా 70 వేలకు పైగా చిన్న చిన్న ఆదేశాలు పేర్చి, ఆ బొమ్మ లోపలే ఒక బుల్లి కంప్యూటర్ని కట్టేశారు. అది ఫోను తాళాలు లోపలినుంచి తీస్తుంది. గూగుల్‌లో లోపాలు వెతికే ప్రాజెక్ట్ జీరో అనే బృందం దీన్ని విప్పి చూపించింది. ఫోను ఉన్నవాడు ఈలోగా నిద్రపోతుంటాడు. ఏ లింకూ నొక్కడు, ఏ ఓటీపీ చెప్పడు. మీ వ్యాసంలోని జాగ్రత్తలన్నీ తుచ తప్పకుండా పాటించినా ఇక్కడ ఒక్కటీ పనికిరాదు.

ఎన్‌ఎస్‌ఓ మొదటినుంచీ చెప్పేది ఒక్కటే, మేం ప్రభుత్వాలకు తప్ప ఎవరికీ అమ్మం అని. మన ప్రభుత్వమేమో కొన్నామనీ అనదు, కొనలేదనీ అనదు. 2021 జూలైలో పెగాసస్ గురి పెట్టిందని అనుమానించిన ఫోన్ నంబర్ల జాబితా బయటికొచ్చి గోలైతే, సుప్రీంకోర్టు అడిగినప్పుడు కూడా దేశ భద్రత, చెప్పలేం అంది. అప్పుడు మన తెలుగాయన ఎన్.వి. రమణ గారు ప్రధాన న్యాయమూర్తి. దేశ భద్రత అన్న ప్రతిసారీ ప్రభుత్వాన్ని ఊరికే వదిలేయలేమని అక్టోబరు 27న చెప్పి, రిటైర్డ్ జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో నిపుణుల కమిటీ వేశారు. కమిటీ 29 ఫోన్లు చూసింది, 5 ఫోన్లలో ఏదో మాల్‌వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, ఉందంది, అది పెగాససే అని తేల్చలేకపోయింది, ప్రభుత్వం సహకరించలేదని కూడా చెప్పింది. ఆ నివేదిక కోర్టుకిచ్చిన సీలు కవరులోనే ఉండిపోయింది. 2025 ఏప్రిల్లో అదే కోర్టు, దేశం దగ్గర స్పైవేర్ ఉంటే తప్పేంటి, ఎవరి మీద వాడారన్నదే ప్రశ్న అంది. సరే, నేనూ ఒప్పుకుంటాను. ఉగ్రవాది ఫోను వినొద్దని ఎవరంటారు? మరి ఎవరి మీద వాడారు? ఆ ప్రశ్నకి జవాబు ఉన్న కవరు మాత్రం విప్పరు!

వినడం ఒక్కటే అయితే ఇంత చెప్పను. ఫోనులోకి, లాప్‌టాప్‌లోకి దిగినవాడు చూసి ఊరుకోవాలని ఎక్కడా లేదు, పెట్టి కూడా పోవచ్చు. భీమా కోరేగావ్ కేసులో నిందితుడైన హక్కుల కార్యకర్త రోనా విల్సన్ లాప్‌టాప్ కాపీని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే ఫోరెన్సిక్ సంస్థ పరీక్షించింది. 2016 జూన్‌లో మన తెలుగు కవి వరవరరావు గారి ఈమెయిల్ ఖాతా వాడుకుని ఎవరో పంపిన మెయిలు ద్వారా ఆ లాప్‌టాప్‌లోకి నెట్‌వైర్ అనే మాల్‌వేర్ దూరిందని, కేసులో సాక్ష్యంగా చూపించిన ఉత్తరాలు దాని ద్వారానే అందులో దాచిపెట్టారని 2021లో నివేదిక ఇచ్చింది. ఎవరు చేశారో ఆ నివేదిక చెప్పలేదు, దర్యాప్తు సంస్థ దాన్ని ఒప్పుకోనూ లేదు. ఆ రాజకీయాలు ఎవరికి నచ్చుతాయి, ఎవరికి నచ్చవు అన్నది పక్కన పెట్టండి. నెట్‌వైర్ అనేది పెగాసస్‌లాగా కోట్ల ఖరీదు సరుకు కాదు, అప్పట్లో బజార్లో దొరికిన చవక సరుకు. పాత విండోస్ మీద అప్‌డేట్లు ఆపేసుకుని కూర్చున్న ఏ లాప్‌టాప్‌లోనైనా అలాంటిది దిగుతుంది. నా షాపు బల్ల మీద అలాంటివి వరసగా ఉంటాయి.

పక్క తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు సంగతి మీరే పేజీలకు పేజీలు వేశారు కాబట్టి మళ్లీ చెప్పను. 2023 ఎన్నికల్లో ప్రభుత్వం ఓడిపోగానే ఇంటెలిజెన్స్ ఆఫీసులో హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారన్నది అందులో ఆరోపణ. విచారణ ఎటు తేలినా, ఇవాళ పాలించేవాడి చేతిలోని సాధనం రేపు ఇంకొకడి చేతికి వెళ్తుందని ఏ పార్టీ కార్యకర్తకైనా తెలియాలి. మన అసెంబ్లీలో కూడా 2022లో పెగాసస్ మీద హౌస్ కమిటీ వేసుకున్నారు కదా. ప్రతిపక్షంలో ఉన్నవాడికి గుర్తొస్తుంది, కుర్చీ ఎక్కగానే మర్చిపోతాడు.

చట్టం ఉంది, ఎవరు పడితే వాళ్లు వినలేరు, పైన సమీక్ష కమిటీ ఉంటుంది అంటారు. ఉంటుంది. కేంద్రంలో కేబినెట్ సెక్రటరీ, రాష్ట్రంలో చీఫ్ సెక్రటరీ దానికి పెద్దలు, రెండు నెలలకోసారి కూర్చోవాలి. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ వ్యక్తిగత సమాచార రక్షణ మీద నివేదిక ఇస్తూ ఈ కేంద్ర కమిటీ ఒక్కో సమావేశంలో 15 వేల నుంచి 18 వేల ఉత్తర్వులు సమీక్షించాల్సి వస్తోందని రాసింది. ఒక్కో కాగితానికి నిమిషం ఇచ్చినా పది రోజులకు పైగా రాత్రీ పగలూ లేవకుండా కూర్చోవాలి. అంటే చూడట్లేదన్నమాట. జడ్జి దగ్గరికి ఆ కాగితం అసలు వెళ్లదు. ఎవరి ఫోను విన్నారో వాళ్లకి తర్వాతైనా చెప్పే పద్ధతి లేదు. రికార్డులు ఆర్నెల్లకోసారి నాశనం చేయాలని నియమాల్లోనే రాసుకున్నారు. గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పిన దేశం ఇది. దాని తర్వాత 2023లో తెచ్చిన డేటా రక్షణ చట్టంలో కూడా, ప్రభుత్వం తాను నోటిఫై చేసిన సంస్థలకి మినహాయింపు ఇచ్చుకునే సెక్షన్ పెట్టుకుంది.

2025 నవంబరు 28 నాటి సంచార్ సాథీ ఉత్తర్వు గుర్తుందా? కొత్త ఫోన్లన్నిటిలో ఆ యాప్ 90 రోజుల్లోగా ముందే వేసి అమ్మాలని, దాని పనులు ఆపడానికి వీల్లేకుండా చూడాలని కంపెనీలకి టెలికాం శాఖ రాసింది. దేశమంతా గోల చేసేసరికి, కావాలంటే తీసేసుకోవచ్చని మంత్రి గారన్నారు, డిసెంబరు 3న ఉత్తర్వే వెనక్కి తీసుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ సంచార్ సాథీ మంచిదే. ఆర్కే బీచ్‌లో ఫోను పోగొట్టుకుని ఏడుపు ముఖంతో వచ్చినవాళ్లకి, పోలీసు ఫిర్యాదు ఇచ్చి దాని ద్వారా ఫోను బ్లాక్ చేయించుకోమని నేనే చెబుతాను, మన పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కూడా అందులో చూసుకోవచ్చు. కావలసినవాడు వేసుకుంటాడు. బలవంతంగా వేసి, తీయనివ్వకుండా చేస్తేనే తేడా.

మా షాపుకి స్టీల్ ప్లాంటులో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు వస్తుంటారు. ఈ గొడవ జరుగుతున్న రోజుల్లోనే వచ్చి, "మన ఫోన్లో ఏటుంటాది బాబూ, మనవడి ఫొటోలు, కరెంటు బిల్లు. అవి చూసుకుని వాళ్లేటి చేసుకుంటారు?" అన్నారు. ఫోను నా చేతిలోనే ఉంది. వాట్సాప్‌లో పైనే ఉక్కు పోరాటం గ్రూపు కనిపిస్తోంది, ప్రైవేటీకరణ వద్దని కూర్మన్నపాలెం శిబిరంలో కూర్చున్నవాళ్ల గ్రూపు. "మాస్టారూ, ఇందులో ఎవరెవరున్నారు, ఎవరెంత చందా ఇచ్చారు, రేపు ధర్నాకి ఏ డిపార్ట్‌మెంట్ నుంచి ఎవరొస్తారు, ఇదంతా మీకంటే ముందు ఇంకెవరో చదివేస్తుంటే మీకు పర్లేదా?" అన్నాను. ఆయన ఫోను నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టేసుకున్నారు. కాసేపాగి "అయితే ఏ ఫోను కొనుక్కోమంటావు?" అన్నారు. యూనియన్ పెట్టుకోవడం తప్పు కాదు, ధర్నా తప్పు కాదు. తప్పు కాకపోయినా ఎవరికీ చూపించక్కర్లేనివి మనిషి దగ్గర చాలానే ఉంటాయి.

ఆయనకి చెప్పిందే మీ పాఠకులకీ చెబుతాను, కొంచెం వివరంగా.

మొట్టమొదట సెట్టింగ్స్‌లోకి వెళ్లి "ఫోన్ గురించి" అనే చోట ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఎంతుందో చూడండి. నా దగ్గరికొచ్చే ఫోన్లలో అది 2021, 2022 దగ్గర ఆగిపోయినవి కొల్లలు. కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్సో అడుగుతాం, అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో ఒక్కరం అడగం. లోపం బయటపడిన రోజు నుంచి అది లోకమంతా తెలిసిపోతుంది, సరిదిద్దిన కోడ్ మన ఫోనుకి రాదు, అంటే తలుపు తాళం నమూనా ఊరంతా పంచిపెట్టాక కూడా అదే తాళం వేసుకుని పడుకోవడం. అలాంటి ఫోనుకి పెగాసస్ దండగ. వాట్సాప్‌లో ట్రాఫిక్ చలానా పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (నొక్కితే యాప్ ఎక్కించే ఫైలు) చాలు, దాన్ని వేసుకుని ఎస్సెమ్మెస్ అనుమతి, తెర మీదున్నది చదవనిచ్చే యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చేస్తే ఓటీపీలు వాడే చదువుకుంటాడు, ఖాతా ఖాళీ. దొంగ, సర్కారు ఇద్దరూ దూరేది ఒకే రకం లోపాల్లోంచి, దొంగకి బడ్జెట్ తక్కువ అంతే. అందుకే లోపాలు పూడ్చకుండా దాచుకుని వాడుకునే ప్రభుత్వం, తన జనాన్ని దొంగలకి కూడా వదిలేస్తున్నట్టే.

రెండోది, ఐఫోన్ ఉన్నవాళ్లకి లాక్‌డౌన్ మోడ్ అని ఒకటుంది, 2022లో ఐఓఎస్ 16తో వచ్చింది. వేస్తే మెసేజ్‌లలో చాలా రకాల అటాచ్‌మెంట్లు రావు, కొన్ని వెబ్‌సైట్లు నెమ్మదిస్తాయి, పరిచయం లేనివాళ్ల ఫేస్‌టైమ్ కాల్స్ రావు. నేను పైన చెప్పిన గిఫ్ వేషంలో వచ్చిన పీడీఎఫ్ లాంటి వాటికి దారి ఇరుకు చేయడమే దాని పని. 2023 అక్టోబరు చివర్లో మన దేశంలో ప్రతిపక్ష నాయకులకి, ప్రభుత్వాల అండ ఉన్నవాళ్లు మీ ఫోను మీద దాడి చేస్తుండవచ్చని ఆపిల్ హెచ్చరికలు పంపింది, అందులో సీతారాం ఏచూరి, అసదుద్దీన్ ఒవైసీ కూడా ఉన్నారు. అలాంటి హెచ్చరిక వచ్చినవాళ్లు ముందుగా వేసుకోవలసింది అదే. ఆండ్రాయిడ్ 16లో కూడా అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ అని అలాంటి మీట ఒకటి పెట్టారు.

మూడోది, ఆ పెద్దాయనకి కాదు గానీ, విలేకరులకి, లాయర్లకి, సంఘాల్లో తిరిగేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది, గ్రఫీన్‌ఓఎస్. ఆండ్రాయిడే, కానీ గూగుల్ సేవలు మొదట్లో ఏవీ ఉండవు, కావాలంటే మామూలు యాప్‌ల లాగే ప్రత్యేక అధికారాలేవీ లేకుండా వేసుకోవచ్చు. గూగుల్ పిక్సెల్ ఫోన్ల మీదే నడుస్తుంది. గూగుల్ నుంచి తప్పించుకోవడానికి గూగుల్ ఫోనే కొనాలా అని నవ్వుతారు, కానీ పిక్సెల్‌లో సొంత సిస్టమ్ వేసి మళ్లీ బూట్‌లోడర్‌కి (ఫోను ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రాముకి) తాళం వేసుకునే వీలుంది, భద్రతకి వేరే చిప్పు ఉంది, 8వ మోడల్ నుంచి ఏడేళ్ల అప్‌డేట్లు ఉన్నాయి. వేయడం కూడా పెద్ద బ్రహ్మవిద్య కాదు. కేబుల్ తగిలించి, వాళ్ల వెబ్‌సైట్లో చెప్పిన వరసలో బటన్లు నొక్కుకుంటూ పోతే, టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. చివర్లో బూట్‌లోడర్ లాక్ చేయడం మాత్రం మర్చిపోకూడదు, చేయకపోతే పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. తర్వాత ఫోను ఆన్ చేసినప్పుడల్లా పసుపు రంగులో ఒక హెచ్చరిక వస్తుంది, వేరే సిస్టమ్ ఉందని, దానికి కంగారు పడక్కర్లేదు.

అందులో నాకు బాగా నచ్చినవి పెద్ద పెద్ద పేర్లున్నవి కాదు. ఏ యాప్‌కైనా ఇంటర్నెట్టే ఇవ్వకుండా ఆపొచ్చు. టార్చిలైటు యాప్‌కి నెట్ ఎందుకండీ? కాంటాక్టులు అడిగే యాప్‌కి మొత్తం ఇవ్వకుండా రెండు నంబర్లు మాత్రం చూపించొచ్చు. లోన్ యాప్‌లు కాంటాక్టులన్నీ లాగేసి బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తే ఎలా ఉంటుందో ఈ ఊళ్లో చూసినవాళ్లకి దాని విలువ తెలుస్తుంది. ఫోను తాళం తీయకుండా 18 గంటలు పడి ఉంటే తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది, అప్పుడు లోపలున్నదంతా మళ్లీ గట్టి తాళంలోకి వెళ్లిపోతుంది. తాళం వేసి ఉన్నప్పుడు ఛార్జింగ్ కన్నంలోంచి డేటా పోదు. పోలీసు ల్యాబుల్లో ఫోన్లు తెరవడానికి వాడే సెలబ్రైట్ అనే యంత్రం కంపెనీ పట్టికలు 2024లో లీకైతే, అప్‌డేట్ చేసుకున్న గ్రఫీన్‌ఓఎస్ ఫోన్లు తమవల్ల కావని వాళ్లే రాసుకున్నారు.

ఇబ్బందులు కూడా చెప్పాలి కదా. కొన్ని బ్యాంకు యాప్‌లు, గూగుల్ ఆమోదించిన సిస్టమ్ కాదని తెరుచుకోవు. మా కస్టమర్ ఒకాయన ఫోనులో ఆయన బ్యాంకు యాప్ "మీ పరికరం సురక్షితం కాదు" అని మొరాయించింది, అదే యాప్ నాలుగేళ్లుగా అప్‌డేట్ లేని వాళ్లావిడ ఫోనులో హాయిగా పనిచేస్తోంది! ఇదేం న్యాయమో రిజర్వ్ బ్యాంకు వాళ్లే చెప్పాలి. యూపీఐ లేకుండా పూర్ణా మార్కెట్లో కొత్తిమీర కట్ట కూడా కొనలేని రోజులివి, అందుకే మార్చేముందు మీ బ్యాంకు యాప్ పనిచేస్తుందో లేదో కనుక్కోండి, లేదా డబ్బు పనులకి ఒక మామూలు ఫోను ఇంట్లో పెట్టుకోండి. సెకండ్‌హ్యాండ్ పిక్సెల్ కొనేవాళ్లు సెట్టింగ్స్‌లోని డెవలపర్ ఆప్షన్స్‌లో, వేరే సిస్టమ్ వేసుకోనిచ్చే ఓఈఎం అన్‌లాకింగ్ మీట వెలుగుతోందో లేదో అక్కడికక్కడే చూసి మరీ డబ్బులివ్వాలి, అది బూడిద రంగులో ఉండిపోతే ఆ ఫోను మీద గ్రఫీన్ ఎక్కదు.

కంప్యూటర్ల సంగతి క్లుప్తంగా. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆపేసింది. లాప్‌టాప్ పాతది, 11 ఎక్కదు అంటే కొత్తది కొనక్కర్లేదు, ఉబుంటు లాంటి లినక్స్ వేసుకోండి, ఉచితం. కేరళలో సర్కారు బడిపిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే చదువుకుంటున్నారు, రక్షణ శాఖకి పనికొచ్చింది, మన పిల్లలకి పనికిరాదా?

ఇవన్నీ చేసినా, మీ ఫోను ఇక ఎవరూ ముట్టుకోలేరని నేను రాసివ్వను. డబ్బు, పట్టుదల ఉన్న సర్కారు ఒక్క మనిషి వెంట పడితే ఏదో ఒక దారి వెతుక్కుంటుంది. ఎంత గట్టి సిస్టమ్ వేసుకున్నా సిమ్ము ఉన్నంతసేపు ఏ టవరు కింద ఉన్నామో కంపెనీకి తెలుస్తూనే ఉంటుంది, మామూలు కాల్ చేస్తే వాళ్ల దగ్గరే వినొచ్చు. అవతలివాళ్ల ఫోను పాతదైతే మన మెసేజ్ అక్కడ దొరుకుతుంది. గట్టి సిస్టమ్ చేసేదల్లా ఖరీదు పెంచడం. గుంపగుత్తగా ఊరందరి మీదా పడటం కుదరదు, ఒక్కొక్కరికీ కోట్లు పెట్టాలి, అప్పుడైనా ఎవరిని ఎంచుకోవాలో ఆలోచిస్తారు. ఫోను మార్చుకోగలిగినవాడికి గోప్యత, మార్చుకోలేని ఆటో డ్రైవరుకి నిఘా, ఇలా ఉండకూడదు కాబట్టే చట్టం సంగతి అంత పొడుగ్గా రాశాను.

మీ పత్రికని అడిగేవి రెండున్నాయి. ఉత్తరాంధ్ర ఎంపీలందరినీ ఒక ప్రశ్న అడిగి జవాబులు పక్కపక్కన అచ్చెయ్యండి: ఫోన్లు వినడానికి ఏటా ఎన్ని ఉత్తర్వులిచ్చారో, అందులో సమీక్షలో ఎన్ని కొట్టేశారో అంకె చెప్పమని పార్లమెంటులో అడుగుతారా, లేదా? పేర్లు వద్దు, అంకె చాలు, అంకె చెబితే ఏ ఉగ్రవాదీ తప్పించుకోడు. రెండోది, యూరప్‌లో 2025 జూన్ నుంచి అమ్మే ఫోన్లకి, అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని నియమం పెట్టారు. ఇక్కడ అంత లేకపోయినా, మందుల సీసా మీద గడువు వేసినట్టు ఫోన్ డబ్బా మీద ఫలానా తేదీ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయని అచ్చు వేయించమని వినియోగదారుల శాఖని అడగండి. మీరు రాస్తే వాళ్లకి వినిపిస్తుంది, నేను గాజువాకలో అరిస్తే పక్క షాపు దాకా కూడా వెళ్లదు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఫోన్లు బాగుచేసేవాడు,
గాజువాక, విశాఖపట్నం